వైరుకు తొడుగు – ట్రాలీకి వెలుగు



ఈవేళ నేను విత్తనాన్ని గురించిగానీ, ఎరువును గురించిగానీ మాట్లాడబోవటం లేదు. మీ ట్రాక్టరులోను, దాని వెనక కట్టిన ట్రాలీలోను పాకే సన్నని వైర్లను గురించి, ఆ వైర్లకు వేయవలసిన తొడుగులను గురించి నాలుగు ముక్కలు ముచ్చటించుకుందాం. “ఇంత చిన్న విషయానికి ఇంత ప్రసంగమా?” అని మీకు అనిపించవచ్చును. నాకూ ఒకప్పుడు అలాగే అనిపించేది. ఎందుకు మనసు మార్చుకున్నానో ముందుగా చెబుతాను.

మా ట్రాలీకి లైట్ల వైరింగు నా చేతులతో నేనే చేశాను. రంగు రంగుల వైర్లు కొని, వెనక దీపాల దాకా లాగి, చుట్టూ నల్ల టేపు చుట్టి, ఛాసిస్ ఛానలుకు వున్న కన్నంలోంచి దూర్చాను. స్విచ్చి వేయగానే దీపాలు భేషుగ్గా వెలిగాయి. “మెకానిక్కు కూలి మిగిలింది” అని సంతోషించాను. ఒక ఏడు గడిచింది. మళ్ళీ కోతలు వచ్చాయి. ఒకనాడు ధాన్యం బస్తాలు వేసుకుని, పొద్దుపోయాక మా బావ ట్రాక్టరు తోలుకు వస్తున్నాడు. ముందు లైట్లు దివ్యంగా వెలుగుతున్నాయి. వెనక దీపాలు ఆరిపోయిన సంగతి ఆయనకు తెలియదు. ట్రాక్టరు తోలేవాడికి తన వెనక ఏముందో కనపడదు గదా! కాలవ గట్టు మలుపులో మోటారు సైకిలు మీద వస్తున్న ఒక కుర్రవాడు, ఎదురుగా ట్రాలీ వున్నట్టు ఆఖరి నిమిషంలో చూసి, బండిని పక్కకు తిప్పి కాలవ గట్టున పడ్డాడు. మణికట్టు విరిగింది. ప్రాణం దక్కింది. అంతవరకు అదృష్టం.

మర్నాడు ఉదయం నేను ట్రాలీ కిందికి దూరి చూశాను. కన్నం అంచున టేపు ఎప్పుడో ఊడిపోయింది. ఆ అంచు రాసుకుని రాసుకుని ఎర్ర వైరు తొడుగును కోసేసింది. గోరంత మేర రాగి బయటపడి ఛానలుకు తగులుతున్నది. ఫ్యూజు పోయింది. పది రూపాయలు చేయని ఒక రబ్బరు ఉంగరం ఆ కన్నానికి తొడిగివుంటే, ఆ కుర్రవాడు ఆ రాత్రి ఇంటికి వెళ్ళి అన్నం తినేవాడు. ఈ మాట నేను మర్చిపోలేదు. మీరూ మర్చిపోవద్దు.

సరే, ఇక విషయానికి వద్దాం. వైరుకు తనదంటూ ఒక ప్లాస్టిక్ పొర వుండనే వున్నది కదా, మళ్ళీ తొడుగు దేనికి? ఆ పొర కరెంటును లోపల ఆపటానికి మాత్రమే వున్నది. దెబ్బను, రాపిడిని ఆపటానికి కాదు. మన అరికాలికి చర్మం వున్నదని చెప్పులు మానేస్తామా? పొలం గట్టుకు ఒక రకం చెప్పు, పెళ్ళికి మరొక రకం చెప్పు వేసుకుంటాం. వైరు సంగతీ అంతే. ఏ దారిన పోతుందో చూసి, దానికి తగిన తొడుగు వేయాలి.

వైరుకు శత్రువులు అయిదుగురు. మొదటివాడు రాపిడి. ఇంజను అదురుకు, గతుకుల దారికి వైరు రోజంతా కదులుతూనే వుంటుంది. ఇనప అంచుకు తగిలిందా, రంపం పెట్టినట్లే. రెండోవాడు వేడి. మామూలు పి.వి.సి. వైరు సుమారు 70 డిగ్రీల సెంటీగ్రేడు వేడి దాకా వాడటానికి చేసినది. సైలెన్సరు, దాని మొదలు అంతకన్నా ఎన్నో రెట్లు కాలుతాయి. మూడోవాడు చమురు, బురద, నీళ్ళు. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు ఎంత బురద తాగుతుందో మీకు తెలుసు. నాలుగోవాడు ఎండ. ఏళ్ళ తరబడి ఎండలో వున్న ప్లాస్టిక్ పెళుసెక్కి, వంచితే పుటుక్కున విరుగుతుంది. అయిదోవాడు ఎలుక. ఎలుక ముందుపళ్ళు బతికివున్నన్నాళ్ళు పెరుగుతూనే వుంటాయి. అది కొరకక మానదు. ఆకలి లేకపోయినా కొరుకుతుంది.

ఈ అయిదుగురినీ ఒక్క తొడుగుతో ఆపటం కుదరదు. కాబట్టి బజారులో దొరికే రకాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా నల్ల టేపు. ఇది తొడుగే కాదు. అతుకు మీద చుట్టటానికి, తొడుగు చివర బిగించటానికి పనికివస్తుంది. ఎండకు, ఇంజను వేడికి దీని జిగురు కరిగి కారుతుంది. తరువాత చుట్టలు విడిపోతాయి. నేను చేసిన తప్పు ఇదే.

రెండవది పాత సైకిలు ట్యూబు ముక్క. మన పల్లెల్లో ఇది లేని ట్రాక్టరు అరుదు. రాపిడికి మంచిదే, మెత్తగా వుంటుంది. కాని డీజిలు, ఇంజనాయిలు తగిలితే ఆ రబ్బరు ఉబ్బి, జిగటపడి, చిట్లిపోతుంది. అందుచేత ఇంజను దగ్గర వద్దు. దారిలో చెడినప్పుడు ఇంటిదాకా చేరటానికి వాడుకోండి. ఇంటికి వచ్చాక తీసివేయండి.

మూడవది డ్రిప్పు పైపు. తోటలో మిగిలిపోయిన 12 మిల్లీమీటర్ల, 16 మిల్లీమీటర్ల లాటరల్ ముక్కలు చాలామంది దగ్గర పడివుంటాయి. ఇది పాలిథిలీన్‌తో చేసింది. నల్లగా వుండటానికి కారణం అందులో కలిపిన కార్బను నలుపు. అది ఎండ దెబ్బను కాస్తుంది. ట్రాలీ ఛాసిస్ పొడుగునా, ఇంజనుకు దూరంగా వేసుకోవటానికి ఇది చవకైన తొడుగు. అయితే వేడికి తొందరగా మెత్తబడుతుంది, నిప్పంటుకుంటే చుక్కలు చుక్కలుగా కారుతూ మండుతుంది. కాబట్టి బానెట్టు కిందికి దీన్ని రానివ్వవద్దు. డ్రిప్పరు కన్నాలు వున్న ముక్కయితే ఆ కన్నాలు కిందివైపుకు వచ్చేటట్లు అమర్చండి. లోపల చేరిన నీరు వాటిలోంచి కారిపోతుంది.

నాలుగవది ముడతల పైపు. దుకాణంలో ఫ్లెక్సిబుల్ పైపు అని అడగండి. పొడుగునా చీలిక వున్నదీ దొరుకుతుంది, చీలిక లేనిదీ దొరుకుతుంది. వైరింగు ఇదివరకే అయిపోతే చీలిక వున్నది తీసుకోండి, వైరు విప్పనక్కరలేదు. దీనిలోనూ రకాలు వున్నాయి. పాలీప్రొపిలీన్‌తో చేసినది సుమారు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నైలానుతో చేసినది 200 డిగ్రీలు దాటినదాకా కరగదు. అయితే కరిగే వేడికీ, రోజూ తట్టుకునే వేడికీ చాలా తేడా వుంటుంది. కరిగే అంకె చూసి ధైర్యపడవద్దు. ఇంజను పక్కకు నైలానుదే కొనండి. నాలుగు డబ్బులు ఎక్కువైనా అది నిలుస్తుంది. ఒక్క జాగ్రత్త: చీలిక ఎప్పుడూ కిందికి వుండాలి. పైకి పెడితే బురద, ఊక, గడ్డి పొట్టు లోపల చేరి, తడి ఆరక, వైరు కనెక్షన్లు చిలుము పడతాయి.

అయిదవది అల్లిక స్లీవు. సన్నని పాలియెస్టరు పోగులతో వలలాగా అల్లి వుంటుంది. రెండు చివరలు పట్టి దగ్గరకు నొక్కితే లావవుతుంది, లాగితే సన్నబడి వైర్లను పట్టుకుంటుంది. రాపిడికి చాలా మంచిది, చూపుకూ బాగుంటుంది, గాలి ఆడుతుంది. కాని నీటిని ఆపదు. దీన్ని కత్తెరతో కోస్తే చివర పోగులు విడిపోతాయి. వేడి చేసిన కత్తితో కోస్తే ఆ అంచు కరిగి అతుక్కుంటుంది.

ఆరవది గాజునార స్లీవు. ఇది వేడికి మందు. సిలికాను రబ్బరు పూత వేసినది 200 డిగ్రీలకు పైబడిన వేడిలోనూ పనిచేస్తుంది. సైలెన్సరు దాపున పోయే వైరుకు ఇదే తగినది. పూత లేని గాజునార మాత్రం రాపిడికి ఆగదు. పోగులు చేతికి గుచ్చుకుని దురద పెడతాయి కూడా. ఇక్కడ ఒక హెచ్చరిక. చాలా పాత బండ్లలో వేడి దగ్గర తెల్లని నారవంటి రాతినార చుట్టినవి వున్నాయి. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరితే కేన్సరు దాకా పోతుంది. అటువంటిది కనపడితే పొడిగా పీకవద్దు, దులపవద్దు. తెలిసినవాడికి చూపించండి.

ఏడవది వేడికి ముడుచుకునే స్లీవు, అంటే హీట్ ష్రింక్. ఇది అతుకుల కోసం. మామూలు రకం సగానికి ముడుచుకుంటుంది. అంటే 6 మిల్లీమీటర్లది 3 మిల్లీమీటర్లకు వస్తుంది. లోపల జిగురు వున్న రకం నీటిని కూడా ఆపుతుంది. ట్రాలీకి అదే వేయండి. వేడి గాలి తుపాకీ వుంటే మంచిది. లేక లైటరు మంట చూపించవలసి వస్తే, మంటను కదుపుతూ దూరం నుంచి చూపించండి. బ్యాటరీ దగ్గర మాత్రం మంట వద్దే వద్దు. ఛార్జి ఎక్కే బ్యాటరీ నుంచి హైడ్రోజను వస్తుంది. అది అంటుకుంటే పేలుతుంది.

ఇక చివరగా నేను మొదట చెప్పిన రబ్బరు ఉంగరం. దుకాణంలో గ్రామెట్ అంటే ఇస్తారు. రేకులో గాని, ఛానలులో గాని వైరు దూరే ప్రతి కన్నానికీ ఒకటి వుండాలి. కన్నం వేసిన తరువాత ముందు అంచును ఆకురాయితో నున్నగా చేసి, ఆపైన గ్రామెట్ తొడగండి.

రకాలు తెలిశాయి. ఏ చోటికి ఏది? బ్యాటరీ నుంచి స్టార్టరుకు పోయే లావు కేబులును మొదట చూడండి. సాధారణంగా ఈ కేబులుకు ఫ్యూజు వుండదు. స్టార్టరు వందల ఆంపియర్లు లాగుతుంది గనక. అది ఇనుముకు తగిలితే బ్యాటరీ తన బలమంతా అందులో గుమ్మరిస్తుంది. కరెంటు పది రెట్లయితే పుట్టే వేడి నూరు రెట్లవుతుంది. కేబులు ఎర్రగా కాలి, పక్కన డీజిలు పైపు వుంటే బండి బుగ్గి కావటానికి ఎంతోసేపు పట్టదు. కాబట్టి మీ దగ్గర డబ్బు కొంచెమే వుంటే, అది ముందుగా ఈ కేబులు తొడుగుకు పెట్టండి. మందమైన నైలాను ముడతల పైపు, ఇనుము దాటే చోట గ్రామెట్, సైలెన్సరు ఛాయలకు పోకుండా దారి. ఈ మూడూ కావాలి.

ఇంజను పక్కన పోయే మిగతా వైర్లకు నైలాను ముడతల పైపు. సైలెన్సరుకు దగ్గరగా పోక తప్పని చోట గాజునార. కాని సైలెన్సరు విషయంలో తొడుగు కన్నా దూరం మేలు. వీలయినంతవరకు జానెడు ఎడంగా దారి మార్చండి. డాష్‌బోర్డు లోపలికి అల్లిక స్లీవు చాలు. ట్రాలీ పొడుగునా డ్రిప్పు పైపు గాని, ముడతల పైపు గాని వేయవచ్చును.

ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య, హుక్కు దగ్గర వేలాడే ముక్క అన్నిటికన్నా ఎక్కువ కష్టపడుతుంది. అక్కడ గట్టి పైపు పనికిరాదు. అన్ని వైర్లూ ఒకే మందపాటి రబ్బరు పొరలో వున్న ట్రాలీ కేబులు వేసి, చివర ఏడు పిన్నుల ప్లగ్గు పెట్టండి. పొడుగు కొలిచేటప్పుడు బండిని కుడివైపుకు పూర్తిగా ఒకసారి, ఎడమవైపుకు పూర్తిగా ఒకసారి తిప్పి చూడండి. ఏ వైపు తిరిగినా కేబులు బిగుసుకోకూడదు, నేలకు ఈడవకూడదు.

ఎలుకల సంగతేమిటని అడుగుతారు. నిజం చెప్పవలెనంటే, ప్లాస్టిక్ తొడుగు ఏదీ ఎలుకకు అడ్డం కాదు. ఇనప చుట్టల పైపు కొంతవరకు ఆపుతుంది. అయితే దాని చివర అంచులు కత్తిలా వుంటాయి, రబ్బరు బుష్ లేకుండా వాడవద్దు. ఇనుము గనక కరెంటు కూడా దానిలో పాకుతుంది. బ్యాటరీ టెర్మినళ్ళ దగ్గరకు దానిని తీసుకుపోవద్దు. అసలు మందు వేరే వున్నది. బానెట్టు కింద పాత గుడ్డలు, వేస్టు దూది పెట్టవద్దు. ట్రాలీలో గింజలు మిగలకుండా ఊడ్చండి. ధాన్యం గాదె పక్కన ట్రాక్టరును నెలల తరబడి నిలపవద్దు. వారానికి ఒకసారి బానెట్టు ఎత్తి చూస్తే, గూడు కట్టకముందే కనపడుతుంది.

తొడుగు సైజు ఎట్లా తెలుసుకోవాలి? వైర్ల కట్ట చుట్టూ ఒక దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద కొలవండి. దాన్ని మూడుతో భాగించండి. కట్ట లావు దాదాపు తెలుస్తుంది. దారం 36 మిల్లీమీటర్లు వస్తే కట్ట లావు 12 మిల్లీమీటర్లు. అప్పుడు లోపలి కొలత 15, 16 మిల్లీమీటర్లున్న తొడుగు తీసుకోండి. బిగుతుగా కుక్కితే వైర్ల వేడి బయటకు పోదు. రేపు మరొక వైరు వేయటానికి సందు కూడా వుండదు. మరీ వదులైతే లోపల వైర్లు గలగలలాడి రాసుకుంటాయి.

ఇప్పుడు అసలు పని. మొదట బ్యాటరీ విప్పండి. ఛాసిస్‌కు బిగించిన తీగను ముందు తీయాలి, ఆఖరున పెట్టాలి. ఈనాటి బండ్లలో అది మైనస్ తీగ. పాతకాలపు కొన్ని ట్రాక్టర్లలో ప్లస్ తీగను ఛాసిస్‌కు బిగించేవారు. కనుక గుర్తు కన్నా ముందు, తీగ ఎక్కడికి పోతున్నదో చూడండి. తరువాత వైర్లు పరచి, రంగుల ప్రకారం కాగితం మీద రాసుకోండి. తొడుగు వేయకముందే బ్యాటరీ తగిలించి అన్ని దీపాలూ వెలిగించి చూడండి. వెలిగాక మళ్ళీ విప్పి, అప్పుడు తొడుగు వేయండి. తొడుగు వేసినాక తప్పు వెతకటం, పంట కోసినాక కలుపు తీసినట్లే. తొడుగు లోపల అతుకు లేకుండా చూడండి. తప్పనిసరైతే అతుకులన్నీ ఒకేచోట రాకుండా అటూ ఇటూ జరపండి. అడుగుకొకచోట క్లిప్పుతోనో, ప్లాస్టిక్ ట్యాగుతోనో ఛాసిస్‌కు కట్టండి. డీజిలు పైపుకు, బ్రేకు పైపుకు మాత్రం కట్టవద్దు. తొడుగు కిందికి వంగిన చోట ఒక చిన్న కన్నం వుంచండి, నీరు పోతుంది.

మరొక ముఖ్యమైన మాట. తొడుగు ఫ్యూజు పని చేయదు. ఫ్యూజు తొడుగు పని చేయదు. ఇవి రెండూ కావాలి. ట్రాలీ దీపాల లెక్క వేసి చూడండి. వెనక దీపాలు 5 వాట్లవి రెండు, బ్రేకు దీపాలు 21 వాట్లవి రెండు, ఒక వైపు ఇండికేటరు 21 వాట్లు. మొత్తం 73 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ మీద అది ఆరు ఆంపియర్లు. 10 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. అది బ్యాటరీకి దగ్గరగా వుండాలి. ఫ్యూజు పోతే సిగరెట్టు పెట్టె రేకు చుట్టటం, రాగి పోగు కట్టటం మన వాళ్ళకు అలవాటు. అయ్యా, పాలేరు దొంగ వచ్చాడని కేక వేస్తే, దొంగను పట్టుకోకుండా పాలేరు నోరు కట్టేసినట్లున్నది ఆ పని. ఫ్యూజు మళ్ళీ మళ్ళీ పోతున్నదంటే ఎక్కడో వైరు రాసుకుంటున్నదని అర్థం. వెతకండి.

కొనబోయే సరుకు మంచిదో కాదో ఇంట్లోనే చూడవచ్చును. ఒక ముక్కను రాత్రంతా డీజిలులో వేసి వుంచండి. తెల్లారి ఉబ్బినా, జిగటపడినా అది ఇంజను దగ్గరకు వద్దు. ఇంకొక ముక్కను మరిగే నీళ్ళలో పది నిమిషాలు వుంచండి. ముద్దయిపోతే వద్దు. మూడో ముక్కను ఆరుబయట గాలివాటున నిలబడి పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్లతో అంటించండి. పుల్ల తీయగానే ఆరిపోతే మంచిది. కారుతూ మండుతూ వుంటే బానెట్టు కిందికి వద్దు. ఆ పొగ మాత్రం పీల్చకండి. పి.వి.సి. పొగ గొంతును కోస్తుంది.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం బండి వెనక ఎర్రదీపం కనపడాలి. చట్టం మాట అటుంచండి. చీకట్లో వెనక వచ్చేవాడికి మన ట్రాలీ వున్నదని తెలిపేది ఆ ఒక్క ఎర్రచుక్కే. దానికి తోడు వెనక మెరిసే పట్టీ అంటిస్తే, దీపం ఆరినా ఎదుటి లైటు పడగానే అది మెరుస్తుంది. ఖర్చు స్వల్పం. కాని పట్టీ వున్నది కదా అని దీపాన్ని మరవవద్దు.

కాబట్టి దమ్ములకు ముందు ఒకసారి, కోతలకు ముందు ఒకసారి, ఏడాదికి రెండుసార్లు, పగటిపూట గోనెపట్టా పరచుకుని ట్రాలీ కిందికి దూరండి. ప్రతి కన్నం దగ్గరా వేలు పెట్టి తడమండి. అరిగిన తొడుగు మార్చండి. రాత్రి బయలుదేరబోయే ముందు ఇంట్లో పిల్లవాణ్ణి వెనక నిలబెట్టి, “ఒరేయ్, వెలుగుతున్నాయా?” అని ఒక్క కేక వేయండి. “వెలుగుతున్నాయి నాన్నా” అని వాడు జవాబు చెప్పిన తరువాతనే బండి కదలనివ్వండి. మా ఇంట్లో ఇప్పుడు ఈ కేక లేకుండా ట్రాలీ గేటు దాటదు.